హమాలి మార్కు బండ

ఆదోనిలో పుట్టినవాడికి బండలంటే భయం ఉండదు. మా ఊరి కొండల్ని చూసి పరాయి ఊరివాళ్ళు, ఇవి ఎప్పుడు దొర్లి నెత్తిన పడతాయో అని బిక్కుబిక్కుమంటారు. మేమేమో వాటి కిందే ఇళ్ళు కట్టుకుని, వాటి మీదే మిరపకాయలు ఎండబెట్టుకుంటాం. అయినా ఒక్క బండకు భయపడిన ఆదోని మనిషి ఒకడున్నాడు. పెయింటరు ఖాదర్ వలి. పత్తి మార్కెట్టు నుంచి ఇంటికి నేరుగా పోతే ఆ బండ ఎదురుపడుతుందని, సైకిలు మీద ఊరి చుట్టూ తిరిగి పోయేవాడు. మండుటెండలో కూడా అంతే. ఎందుకప్పా ఈ తిరుగుడు అని అడిగితే, చుట్టు దారిలో గాలి బాగుంటుందనేవాడు. అబద్ధమాడటంలో పాపం నా కాలిగోటికి కూడా సరిరాడు.

బడి మానేసి టీ అంగడి బల్ల మీద పెరిగిన నాకు ఆదోనిలో తెలియని సంగతి లేదు. నాకు తెలియనిది ఏదైనా ఉంటే అది జరగనట్టే లెక్క. ఖాదర్ వలి కథలో మాత్రం నేను కల్పించింది తక్కువ. ఏనుగు సంగతి ఒక్కటే కొంచెం అటూ ఇటూ.

ఖాదర్ వలి వాళ్ళ నాయన దూదేకే మనిషి. విల్లు భుజాన వేసుకుని వీధి వీధి తిరిగి పరుపులు కుట్టేవాడు. కొడుకు ఆ పరుపు గుడ్డల మీద బొగ్గుతో పులిబొమ్మలు వేసి, తండ్రికి గిరాకీల చేత తిట్లు తినిపించాడు. గుడ్డ చదునుగా పరిచి ఉన్నప్పుడు పులి సన్నగా, కోపంగా ఉండేది. దూది కూరగానే దాని పొట్ట ఉబ్బి, నెలలు నిండిన పులిలా కనిపించేది. ఎత్తుపల్లాల మీదికి ఎక్కితే బొమ్మ మారిపోతుందని అతనికి మొదట నేర్పిన గురువు ఆ పులే.

తర్వాత బళ్ళారి పోయి సినిమా బ్యానర్లు వేసేవాళ్ళ దగ్గర పని నేర్చుకున్నాడు. చిన్న ఫోటో మీద గళ్ళు గీసి, పెద్ద గుడ్డ మీద అన్నే గళ్ళు గీసి, చిన్న గడిలో ఉన్న గీతను పెద్ద గడిలోకి మోసుకుపోవడం. చదునైన గుడ్డ మీద అదేమంత బ్రహ్మవిద్య కాదు, నేను కూడా చేయగలను, చేయలేదంతే. ఖాదర్ వలి ఆదోనికి తిరిగొచ్చేసరికి ఊళ్ళో చదునైన గోడలన్నీ పాత పెయింటర్లు పంచేసుకుని ఉన్నారు. అతనికి మిగిలినవి గుండ్రటి నీళ్ళ ట్యాంకులు, నూనె లారీల పీపాలు, మట్టి గాదెలు, అలలు అలలుగా ఉండే రేకుల షెడ్లు. ఎవరూ ముట్టని ఆ వంకరటింకర వాటినే అతను బతుకుతెరువు చేసుకున్నాడు.

ట్యాంకు మీద పేరు రాస్తే నడిమి అక్షరాలు లావుగా, అంచుల్లోవి ఈనుపుల్లల్లా కనిపిస్తాయి. అందుకని అంచుల్లోవి సాగదీసి రాయాలి. ఎత్తున ఉన్న వరుసను కింది వరుసకంటే పొడుగు చేస్తేనే కింద నిలబడిన మనిషికి రెండూ సమానంగా తోస్తాయి. ఎంత సాగదీయాలో, ఎంత పొడుగు చేయాలో అతని కంటికి తెలిసిపోయేది. ఒకసారి సర్కసు వాళ్ళు ఏనుగు మీద వాళ్ళ కంపెనీ పేరు రాయమన్నారు. ఖాదర్ వలి కొలిచి, గళ్ళు గీసి, లక్షణంగా రాశాడు. తీరా చూస్తే ఏనుగు ఊపిరి పీల్చినప్పుడు అక్షరాలు ఉబ్బుతున్నాయి, వదిలినప్పుడు ముడుచుకుంటున్నాయి. ఊరేగింపు అయ్యేదాకా దీన్ని ఊపిరి పీల్చకుండా పట్టుకోప్పా అని మావటివాణ్ణి బతిమాలాడట. ఏనుగు కూడా మొహమాటానికి కాసేపు బిగబట్టిందని నేను చెప్తాను. నమ్మకపోతే మీ ఇష్టం.

ఈ ఎగుడుదిగుళ్ళ పనిలో అతనికి తోడు ఎమ్మిగనూరు శేషన్న. మగ్గం నేసే మనిషి. వాళ్ళింటి పెద్ద గాదెకు రంగు వేయడానికి పోయి ఖాదర్ వలి స్నేహం కలుపుకున్నాడు. గుండ్రటి గాదె మీద సుద్దగీతలు నిలవక అతను అవస్థ పడుతుంటే చూసి, శేషన్న లావు నూలుతో గళ్ళ వల ఒకటి అల్లి ఇచ్చాడు. అన్ని గళ్ళూ సమానం. లెక్క తప్పిపోకుండా నడుమ నడుమ ఎర్రనూలు. ఆ వలను దేని మీద కప్పినా దాని ఒంటికి అంటుకుని నిలిచేది. పొట్ట ఉన్నచోట గడి పొట్ట మీద, గుంత ఉన్నచోట గడి గుంతలో. గడిలో గీత చూసుకుని వేసుకుంటూ పోవడమే.

సరే, బండ సంగతి.

డెబ్బై నాలుగు ప్రాంతంలో బసవన్న అనే సావుకారి బుడ్డల నూనె మిల్లు, అదే వేరుశనగ నూనె మిల్లు, పెట్టాడు. నూనె డబ్బాకు పేరు 'హమాలి మార్కు' అని పెట్టుకున్నాడు. నూనె తింటే హమాలీ అంత బలం వస్తుందని ఆయన ఊహ. ఆయన మిద్దెకు ఎదురుగా, రోడ్డు అవతల, ఇల్లంత బండ ఉంది. దాని మీద నూనె డబ్బా మోస్తున్న హమాలీ బొమ్మ వేయమని ఖాదర్ వలిని పిలిచాడు. బస్సు దిగినవాడికి మొదట అదే కనపడాలి, మిద్దె మీద కుర్చీ వేసుకుని కూర్చున్న తనకు కూడా అదే కనపడాలి.

ఆ బండ వెనక్కి తిరిగేచోట, దాని డొక్క కింద, ఒక సందు. అందులో ఉండేది పత్తి మార్కెట్టులో బేళ్ళు మోసే హమాలీలు. బొమ్మకు మనిషి కావాలని ఖాదర్ వలి ఆ సందులోకే పోయి రామన్నను పట్టుకున్నాడు. ఎత్తరి. నిండు మొహం, మీసం, కనుబొమ్మ మీద బేళ్ళు లాగే కొక్కెం గీరిన గాటు. మాట తక్కువ, పని ఎక్కువ. హమాలీ గుంపులో ముసలి మేస్త్రి తర్వాత మేస్త్రి అయ్యేది రామన్నేనని ఎవరినడిగినా చెప్పేవాళ్ళు.

రామన్న మొదట సిగ్గుపడ్డాడు. అతని భార్య తిమ్మమ్మ మాత్రం తలకు నూనె రాసి, దువ్వి, ఉతికిన చొక్కా తొడిగి కూర్చోబెట్టింది. అప్పటిదాకా ఆ మనిషి ఒక్క ఫోటో కూడా దిగలేదు. ఖాదర్ వలి అట్ట మీద గీసిన బొమ్మను ఆమె సందంతా తిప్పి చూపించింది. చూసినవాళ్ళు, అచ్చం మాట్లాడేటట్టే ఉందన్నారు.

శేషన్న పెద్ద వల అల్లుకుని బస్సెక్కి వచ్చాడు. ఇద్దరూ కలిసి బండకు వల కప్పి, సుద్దతో మొహం గీశారు. బండకు నడుమ పెద్ద పొట్ట, దాని పక్కనే లోతైన గుంత. మూతి సరిగ్గా ఆ గుంతలోకి వచ్చింది. ఎటునుంచి చూసినా మొహం గోడకు అంటించిన తడిగుడ్డలా కొంచెం ముడత పడినట్టుండేది. కొంచెమే. ఎవరైనా రామన్న అని గుర్తుపడతారు. కానీ బసవన్న మిద్దె మీది నుంచి చూసి పెదవి విరిచాడు. తన కుర్చీలోంచి చూస్తే ఫోటో మాదిరి ఉండాలన్నాడు.

దానికొక ఉపాయం ఖాదర్ వలికి తెలుసు. కిటికీ అంత కొయ్యచట్రానికి దారాలు గళ్ళుగా బిగించి, చూడాల్సిన చోట నిలబెడతారు. చట్రం ముందు గడ్డం ఎత్తున ఒక కొయ్యమేకు. దానికి గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి చూస్తే దారాల గళ్ళు బండ మీద పడినట్టు కనిపిస్తాయి. గీత ఎక్కడ పడాలో అక్కడినుంచే సైగ చేస్తే, బండ మీది మనిషి సుద్దచుక్క పెడతాడు. చుక్కలు కలిపితే, ఆ మేకు దగ్గర నిలబడిన కంటికి గుంతా ఉండదు, పొట్టా ఉండదు, బొమ్మ అద్దంలో ఉన్నట్టు నిలుస్తుంది. మరి పక్కనుంచి చూస్తే? మూతి గుంతలోకి సాగిపోయి ఉంటుంది.

శేషన్న వల చుట్టుకుంటూ చెప్పాడు. "వల అందరికీ కొంచిం కొంచిం తప్పు సూపిస్తాది ఖాదరూ. చట్రం ఒకనికి నిజం సూపిచ్చి, కడమోళ్ళకంతా అబద్దం సూపిస్తాది. ఆ డొక్క కింద మనుసులుండారు, సూసుకో."

ఖాదర్ వలి ఆ మాటే మెల్లగా సావుకారి చెవిన వేశాడు. బసవన్న నవ్వాడు.

"సాయిబూ, ఆ సందులోళ్ళు మన నూనె కొంటారా? బస్సు దిగినోళ్ళు కొంటారు. నా కండ్లకు బాగుంటే సాలు, పో."

నూనె మిల్లు పని అంటే ఒక్క బండ కాదు. లారీల పీపాలు, మిల్లు గోడలు, పల్లెపల్లెకూ అంగడి తలుపులు. ఖాదర్ వలి నోరు మూసుకున్నాడు. చట్రం తెచ్చి మిద్దె మీద సావుకారి కుర్చీ పక్కనే బిగించాడు.

బండ మీద చుక్కలు పెట్టడానికి తాడు కట్టుకుని దిగింది ఎవరనుకున్నారు? రామన్నే. బేళ్ళ పని లేని రోజు, నా మొగమే కదన్నా, నేనే పెడతాను అని వచ్చాడు. పైన అతని గుంపువాళ్ళు తాడు పట్టుకున్నారు. మిద్దె మీది నుంచి ఖాదర్ వలి ఎర్రగుడ్డ ఎడమకు ఊపితే ఎడమకు, కుడికి ఊపితే కుడికి, రామన్న తన మూతి చుక్కలు తానే పెట్టుకున్నాడు. గుంతలోకి దిగి, చేయి అందనంత దూరం చాచి, పెదవి కొసకు చుక్క పెడుతూ, ఇంత దూరమా అన్నా అని ఒకసారి అడిగాడు. ఖాదర్ వలి అవునన్నట్టు గుడ్డ ఊపాడు.

బొమ్మ పూర్తయిన రోజు రోడ్డు మీద జనం ఆగి చూశారు. బళ్ళారి బస్సు డ్రైవరు, ఎవరో నిజంగా డబ్బాతో అడ్డం వస్తున్నాడని బ్రేకు వేశాడు. ఈ మాట నాది కాదు, కండక్టరుది. బసవన్న కుర్చీలోంచి లేచి ఖాదర్ వలి భుజం తట్టాడు. ఖాదర్ వలి మిఠాయి పొట్లం పట్టుకుని, రామన్న ఇంట్లో ఇద్దామని సందులోకి నడిచాడు.

సందు మలుపులో తల ఎత్తి చూసి ఆగిపోయాడు. ఒక కన్ను చేటంత, ఒక కన్ను చింతగింజంత. చెంప బూరెలా ఉబ్బింది. మూతి చెవి దాకా పాకిపోయి, కింది పెదవి జారి వేలాడుతోంది. అట్లాగని పోల్చుకోలేనంత వేరుగా లేదు, అదే మీసం, అదే గాటు. రామన్నను ఎవరో పట్టుకుని గుడ్డ పిండినట్టు పిండినట్టుంది. ఇంతగా ఉంటుందని అతను అనుకోలేదని తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. కానీ ఎంతో కొంత ఉంటుందని తెలుసు. ఆ మాట కూడా అతనే చెప్పాడు.

తిమ్మమ్మ గడపలో నిలబడి బొమ్మనే చూస్తోంది.

"అన్నా, ఈడ్నించి సూస్తే మూతి పక్కకు పోయినట్టుంది కదన్నా."

ఆ క్షణంలో ఖాదర్ వలి ఏమైనా చెప్పి ఉండొచ్చు. చట్రం సంగతి చెప్పి ఉండొచ్చు, తప్పు నాదేనని ఉండొచ్చు. మిఠాయి పొట్లం ఆమె చేతిలో పెట్టి, "పచ్చి రంగు తిమ్మమ్మా. ఆరితే సరైపోతాది" అన్నాడు.

పెయింటరు మాట. ఆమె నమ్మింది.

రంగు ఆరింది. మూతి కదల్లేదు. సందులో పిల్లలు బొమ్మను చూసి మూతులు తిప్పుకోవడం మొదలుపెట్టారు, పిల్లల్ని చూసి పెద్దలు. కొన్నాళ్ళకు రామన్నకు సొట్టమూతి అని పేరు పడిపోయింది. సందులోంచి ఆ పేరు మార్కెట్టుకు నడిచింది. కాటా దగ్గర లారీవాళ్ళు కూడా, యాడప్పా మీ సొట్టమూతి, అని అడిగేవాళ్ళు. మనిషికి మూతి సక్కంగా ఉన్నా సరే. మా ఊళ్ళో పేరు పెట్టడమంటే బేలు మీద ముద్ర కొట్టినట్టు, గుడ్డ చిరిగినా ముద్ర పోదు. తిమ్మమ్మ మాత్రం ఎప్పుడు ఖాదర్ వలి కనపడినా మర్యాదగా అడిగేది, ఇంకా ఆరలేదా అన్నా అని. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగేది. బండ రాయి కదా, గోడకంటే ఆలస్యం అవుతుందేమోనని ఆమె లెక్క. అప్పటినుంచే అతనికి చుట్టు దారిలో గాలి బాగుండటం మొదలైంది.

మరుసటి ఏడు దసరా అయ్యాక, పత్తి వచ్చే ముందు, హమాలీలు మేస్త్రిని ఎన్నుకున్నారు. వాళ్ళ పద్ధతి ఒకటుంది. కాటా దగ్గర గుంపంతా కూడుతుంది. పాత మేస్త్రి ఒక పేరు చెప్తాడు. సమ్మతించినవాళ్ళు తమ చేతిలోని ఇనుప కొక్కేన్ని ఆ మనిషి కాళ్ళ ముందు పెడతారు. కొక్కెం పెట్టడమంటే, నువ్వు ఎత్తమన్న బేలు ఎత్తుతాను, నువ్వు దించమన్నచోట దించుతాను అని మాట ఇవ్వడం.

ఆ పొద్దు ఖాదర్ వలి పక్కనే జిన్నింగు మిల్లు రేకుల మీద పేరు రాస్తున్నాడు. కింద మాటలన్నీ వినపడుతున్నాయి. ముసలి మేస్త్రి రామన్న పేరు చెప్పాడు. ఒకడు ముందుకు వంగి కొక్కెం పెట్టబోతూ ఉన్నాడు కూడా. అంతలో వెనక వరుసలోంచి ఎవడో, "సొట్టమూతి మేస్త్రి ఎడమకు పొమ్మంటే, మనం కుడికి పోవల్ల ఏమప్పా" అన్నాడు.

నవ్వు పుట్టింది. చెడ్డ నవ్వు కాదు, ఎప్పుడూ నవ్వేదే. కానీ పొద్దున్నుంచి బరువుగా నిలబడిన గుంపు కదా, ఆగలేకపోయింది. ముందుకు వంగినవాడు కూడా నవ్వుతూ లేచి నిలబడ్డాడు. నవ్వు తగ్గాక ఎవరికీ కొక్కెం పెట్టడానికి చేతులు రాలేదు. ఎవరిని చూసి నవ్వారో ఆ మనిషికే మాట ఇవ్వడం ఎట్లా? ఇంకెవరో సీమోను పేరు ఎత్తారు. సీమోను మంచివాడే, వద్దు వద్దంటూనే ఉన్నాడు. అతని కాళ్ళ ముందు మొదట కొక్కెం పెట్టింది రామన్న.

ఖాదర్ వలి చేతిలో కుంచె ఆగిపోయింది. రంగు రేకుల పల్లాల్లోంచి కారి కింద పడింది. పోతూ పోతూ రామన్న తల ఎత్తి చూసి, "ఖాదరన్నా, రేకులు జారతాయి, పైలం" అని హెచ్చరించి పోయాడు.

ఆ మాట ఖాదర్ వలిని తిన్నంతగా ఏ తిట్టూ తినలేదు. తిట్టి ఉంటే బదులు తిట్టి తేలికపడేవాడు. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. అతని భార్య హజరా బీ, తిమ్మమ్మ ఒకే కొళాయి దగ్గర నీళ్ళు పట్టేవాళ్ళు. ఆమెకు అన్నీ తెలుసు. ఆ ఆడమనిషి ఇంకా నీ రంగు ఆరుతుందని కాచుకుని ఉంది, పోయి నిజం చెప్పిరా అంది. ఖాదర్ వలి పోలేదు. నిజం చెప్తే మూతి సరవుతుందా అన్నాడు. సావుకారి దగ్గరికి మాత్రం పోయాడు. నా రంగు, నా కూలి, ఉత్తగానే తిరగ వేస్తాను అన్నాడు. బసవన్నకు అర్థం కాలేదు. కుర్చీలో కూర్చోబెట్టి బండను చూపించి, ఇంత బాగున్నదాన్ని ఎందుకు చెరుపుతావు, తలకాయ తిరిగిందా అన్నాడు. అంతటితో ఖాదర్ వలి వచ్చేశాడు. వస్తూ ఇంకో లారీ పీపా పని ఒప్పుకుని వచ్చాడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా చెంపలు వేసుకునేవాడు.

తర్వాత ఏళ్ళలో ఆ మనిషి వేసిన బొమ్మల్లో మనుషులు తగ్గిపోయారు. కావాలంటే ఎద్దులు, నాగళ్ళు, పత్తికాయలు. హొళగుందలో ఎవరో రైతు తన మొహం గాదె మీద వేయమంటే, గాదెలకు మొహాలు నిలవవని చెప్పి ఒక ఎద్దును వేసి వచ్చాడు. మనిషి ఎటు పోతే ఆ ఎద్దు అటు చూస్తుందని ఊరంతా మెచ్చుకుంది. ఇంత పనితనం ఉన్న చేయి ఒక్క మూతి దగ్గర ఆగిపోయింది.

నాలుగైదు వానాకాలాలకు బండ మీద రంగు పెచ్చులు లేచింది. మూతి చెరిగింది గాని పేరు చెరగలేదు. డెబ్బై తొమ్మిదిలో బసవన్న మళ్ళీ పిలిచి, పాత గీతల మీదే రంగు వేసి కొత్తది చేయమన్నాడు. చెప్పి, కూతురి కాన్పుకు హుబ్బళ్ళి పోయాడు.

ఖాదర్ వలి ఎమ్మిగనూరు బస్సెక్కాడు. శేషన్న మగ్గం ఆపకుండానే, వల కావాల్సి వచ్చిందా ఇన్నాళ్ళకు అని ఎగతాళి చేశాడు. వల వద్దు, కొత్త చట్రం కావాలి, పాతదాని దారాలు పురుగు తిన్నాయి అన్నాడు ఖాదర్ వలి. శేషన్నకు కోపం వచ్చింది. ఒకసారి చేసింది చాలదా అన్నాడు. చట్రం ఈసారి మిద్దె మీద కాదు, రామన్న గడపలో పెడతాననేసరికి మగ్గం మీద అటూ ఇటూ పోయే నాడె ఆగింది.

"అట్లయితే సావుకారికి వంకర అగుపిస్తాది."

"అగుపిచ్చనీ."

"పనులు పోతాయి ఖాదరూ. వల ఏసుకోప్పా. ఇద్దరికీ సమానంగా ఉంటాది."

"ఇద్దరికీ సమానం ఎట్ల శేషన్నా. ఇన్నేండ్లు పడింది ఒకరే కదా."

శేషన్న మగ్గం దగ్గరనుంచి లేచాడు. దారాలు బిగించిన చట్రాన్ని బస్సు మీద వేసి, తానూ ఎక్కాడు.

సావుకారి సంగతి ముందే చెప్పేస్తాను, మళ్ళీ దానికోసం వెనక్కి రావడం నాకు ఇష్టం లేదు. ఆయన హుబ్బళ్ళి నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని, ఎదురుగా మూతి చెవికి ఎక్కిన హమాలీని చూశాడు. మిల్లు పనులన్నీ గుంతకల్లు పెయింటరుకు పోయాయి. అంగడి తలుపులు కూడా. ఖాదర్ వలి ఆ తర్వాత చాలా రోజులు నాయన విల్లు దించి పరుపులు కుట్టాడు. హజరా బీ దూది పోగులు ఏరుతూ ఒక్కనాడూ ఎందుకు చేశావని అడగలేదట.

ఇక బండ. ఈసారి తాడు కట్టుకుని దిగింది ఖాదర్ వలే. తాడు పట్టింది శేషన్న, సీమోను గుంపులో పని లేని ఇద్దరు. చట్రం దగ్గర మేకుకు గడ్డం ఆనించి చూడమంటే తిమ్మమ్మ వెనక్కి తగ్గింది. బొమ్మల సంగతి నాకేం తెలుసన్నా అంది. మొగుని మొగం తెలుసు కదమ్మా అన్నాడు ఖాదర్ వలి. ఆమె కొంగు నడుముకు దోపుకుని మేకుకు గడ్డం ఆనించింది.

అట్ట మీద పాత బొమ్మ ఉంది. కానీ తిమ్మమ్మ దాన్ని చూడటం మానేసింది. చట్రంలోంచి చూస్తూ, ఇంకా కొంచెం కిందికి, ఆ గాటు లోపలికి, ఆయప్పకు ఆ చెంప అంత ఉండదు, అని కేకలేస్తూ, గుడ్డ ఊపుతూ, మధ్యాహ్నం దాకా ఖాదర్ వలిని బండంతా పాకించింది. మూతి దగ్గరికి వచ్చేసరికి అసలు వదల్లేదు. సావుకారి నవ్వు మొహం కావాలన్నాడు కాబట్టి పాత బొమ్మలో హమాలీ పళ్ళు కనపడేలా నవ్వుతుంటాడు. ఆమె ఆ నవ్వును చెరిపించింది.

"ఆయప్ప అట్ల నవ్వడన్నా. మూతి మూసుకోనే ఉంటాడు. మూసినా ఏమో సెప్తాండట్ట ఉంటాది."

ఖాదర్ వలి గుంతలో వేలాడుతూ, సుద్దతో మూసిన మూతి గీత గీశాడు. తర్వాత అక్కడినుంచే, తల తిప్పకుండా, రంగు ఆరడం గురించి తాను చెప్పింది అబద్ధమని చెప్పాడు. తిమ్మమ్మ వినపడనట్టే, ఎడమకు అన్నా ఎడమకు, అని గుడ్డ ఊపింది. విన్నదో లేదో అతనికి ఈనాటికీ తెలియదు. మళ్ళీ చెప్పే ధైర్యం రాలేదు.

మూడు రోజుల్లో రంగు వేయడం అయిపోయింది. సందులోంచి చూస్తే రామన్న నిలబడ్డాడు. గుంతా లేదు, పొట్టా లేదు. భుజం మీద డబ్బా ఉంది గాని ఎవరూ దాన్ని చూడరు, కళ్ళు నేరుగా ఆ మొహం మీదికే పోతాయి. మూతి మూసుకుని, ఎదుటివాడు మాట వినేదాకా ఆగి చూస్తున్న మొహం. పిల్లలు గుమిగూడి, ఎవుర్రా ఈయప్ప అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కున్నారు. వాళ్ళకు తెలిసిన సొట్టమూతి ఇతను కాదు.

పొద్దు వాలుతుండగా రామన్న మార్కెట్టు నుంచి వచ్చాడు. ఒంటి నిండా దూది. తిమ్మమ్మ ఏమీ చెప్పకుండా అతని చేయి పట్టుకుని మేకు దగ్గర నిలబెట్టింది. ఖాదర్ వలి పక్కనే డబ్బాలో కుంచెలు కడుగుతున్నట్టు నటిస్తున్నాడు. కడగడానికి ఏమీ మిగల్లేదు.

రామన్న చాలాసేపు చూశాడు. భుజాన ఉన్న కొక్కెం తీసి చేతిలోకి తీసుకున్నాడు. కనుబొమ్మ మీది గాటు తడుముకున్నాడు.

"బాగుంది ఖాదరన్నా" అన్నాడు. ఇంకా కాసేపు చూసి, "మేస్త్రి మాదిరి ఉండాడు" అన్నాడు.

అందులో కోపం లేదు, ఎగతాళి లేదు. ఎవరో తెలిసిన మనిషి గురించి చెప్పినట్టు చెప్పాడు. అప్పుడే సందు మొదట్లో లారీ హారను మోగింది. సీమోను గుంపులో కుర్రాడెవడో రోడ్డు మీదినుంచే, "సొట్టమూతీ, బేళ్ళ లారీ వచ్చె, రాప్పా" అని కేకేశాడు.

"వస్తాండా, వస్తాండా" అని రామన్న, కళ్ళు ఇంకా బండ మీద ఉండగానే, ఆ పేరుకు బదులు పలికాడు. కొక్కెం భుజాన వేసుకుని లారీ వైపు నడిచాడు.